గాలి నుంచి ఆక్సిజన్‌ను వేరుచేసే సిరామిక్ పొర: తూకం నుంచి కొలత దాకా

పొడి గాలిలో ఘనపరిమాణం ప్రకారం 78 శాతం నైట్రోజన్, దాదాపు 21 శాతం ఆక్సిజన్ ఉంటాయి. ఈ రెండింటినీ పెద్ద ఎత్తున విడదీయడానికి పరిశ్రమలు గాలిని చల్లబరచి ద్రవంగా మారుస్తాయి. నైట్రోజన్ మైనస్ 196 డిగ్రీల సెల్సియస్ వద్ద, ఆక్సిజన్ మైనస్ 183 డిగ్రీల వద్ద మరుగుతాయి కాబట్టి, ఆ 13 డిగ్రీల తేడాను ఆసరాగా చేసుకుని వాటిని వేరుచేస్తాయి. అయాన్ వాహక సిరామిక్ పొర ఇందుకు పూర్తిగా భిన్నంగా, 800 నుంచి 900 డిగ్రీల వేడిలో పనిచేస్తుంది. ప్రయోగశాలలో ఒక మిల్లీమీటరు మందం గల బిళ్లను తయారుచేసి, దాని గుండా ఎంత ఆక్సిజన్ వస్తున్నదో నమ్మదగిన రీతిలో కొలవడం ఎలాగో ఈ వ్యాసం వివరిస్తుంది. ఇందులో పేర్కొనే ఉష్ణోగ్రతలన్నీ సెల్సియస్‌లోనే ఉన్నాయి.

పొర పనిచేసే తీరును ముందుగా మనసులో స్పష్టపరచుకోవాలి. గాలి తగిలే ముఖం మీద ఆక్సిజన్ అణువు రెండు పరమాణువులుగా విడిపోతుంది, ఒక్కొక్క పరమాణువు రెండేసి ఎలక్ట్రాన్లను తీసుకుని ఆక్సైడ్ అయాన్‌గా మారుతుంది. స్ఫటికంలో ఆక్సిజన్ ఉండవలసిన చోట్లు కొన్ని ఖాళీగా ఉంటాయి. వేడి తగినంత ఉన్నప్పుడు అయాన్ పక్కనున్న ఖాళీలోకి దూకుతుంది, అది వదిలిన ఖాళీలోకి మరొకటి వస్తుంది. ఈ విధంగా అవతలి ముఖాన్ని చేరిన అయాన్లు ఎలక్ట్రాన్లను విడిచి, జతగా కలిసి మళ్లీ వాయువుగా బయటికి వస్తాయి. నైట్రోజన్‌కు ఇటువంటి దారి ఏదీ లేదు. కనుక అవతలి వైపు నైట్రోజన్ కనిపించిందంటే అది పొర గుండా వచ్చినది కాదు, ఎక్కడో ఉన్న చిల్లు గుండా వచ్చినదే. ఈ పని మొత్తానికి ఆయువుపట్టు ఇదే. నైట్రోజన్ ఎంతో చూడకుండా ఆక్సిజన్ లెక్క రాయకూడదు.

పదార్థాన్ని ఎంచుకోవడం

యిట్రియా కలిపిన జిర్కోనియా వంటి పదార్థాలలో అయాన్లు మాత్రమే కదులుతాయి, ఎలక్ట్రాన్లు దాదాపు కదలవు. అందువల్ల దానికి రెండు వైపులా ప్లాటినం వంటి ఎలక్ట్రోడ్లు పూసి, బయటి నుంచి విద్యుత్తు ఇవ్వాలి. ఇటువంటి అమరికను ఆక్సిజన్ పంపు అంటారు. ఫారడే నియమం ప్రకారం ఒక ఆంపియర్ విద్యుత్తుకు నిమిషానికి సుమారు 3.5 మిల్లీలీటర్ల ఆక్సిజన్ మాత్రమే వస్తుంది. కచ్చితంగా కొలిచి ఇవ్వవలసిన చోట, వాయువులో మిగిలిన కొద్దిపాటి ఆక్సిజన్‌ను తొలగించవలసిన చోట ఇది చక్కగా పనికివస్తుంది. నిమిషానికి ఒక లీటరు కావాలంటే మాత్రం దాదాపు 290 ఆంపియర్లు కావాలి.

రెండో రకం మిశ్రమ వాహకాలు. వీటిలో అయాన్లు ఒక వైపుకు, ఎలక్ట్రాన్లు దానికి ఎదురుగా, అదే పదార్థంలో కదులుతాయి. ఎలక్ట్రోడ్లు, తీగలు, బయటి విద్యుత్తు ఏవీ అక్కరలేదు. రెండు వైపులా ఆక్సిజన్ పాక్షిక పీడనం (మొత్తం వాయు పీడనంలో ఆక్సిజన్ వాటా) వేరుగా ఉంటే చాలు. లాంథనం, స్ట్రాన్షియం, కోబాల్ట్, ఇనుము కలిసిన పెరోవ్‌స్కైట్ (ఒక ప్రత్యేక స్ఫటిక నిర్మాణం గల) ఆక్సైడ్ల గుండా ఆక్సిజన్ ఇలా ప్రవహిస్తుందని 1985లో యసుతకే తెరవోక, ఆయన సహచరులు చూపించారు. లాంథనం స్థానంలో బేరియం చేర్చిన రకం, అంటే బీఎస్‌సీఎఫ్, 2000 సంవత్సరంలో వెలుగులోకి వచ్చింది. దాని గుండా ఆక్సిజన్ మరింత ధారాళంగా వస్తుంది.

ధారాళంగా వస్తుందన్న ఒక్క కారణంతో కొత్తవారు బీఎస్‌సీఎఫ్‌తో మొదలుపెట్టడం నాకు సమ్మతం కాదు. అది కార్బన్ డయాక్సైడ్ తగిలితే ఉపరితలం మీద కార్బొనేట్లను పెంచుకుంటుంది, సుమారు 850 డిగ్రీలకు దిగువన ఎక్కువ కాలం ఉంచితే దాని ఘనాకార స్ఫటిక నిర్మాణం నెమ్మదిగా చెడిపోతుంది, వేడికి అల్యూమినా కంటే రెండు రెట్లకు పైగా వ్యాకోచిస్తుంది. చేయి తిరిగేదాకా లాంథనం 0.6, స్ట్రాన్షియం 0.4, కోబాల్ట్ 0.2, ఇనుము 0.8 నిష్పత్తిలో ఉన్న ఎల్‌ఎస్‌సీఎఫ్‌తో పనిచేయడం మేలు. దానిలో ఆక్సిజన్ తక్కువగా వచ్చినా, చిన్న చిన్న పొరపాట్లను అది ఓర్చుకుంటుంది.

తూకం, పొడి

సుమారు 11 గ్రాముల ఎల్‌ఎస్‌సీఎఫ్ కోసం లాంథనం ఆక్సైడ్ 4.887 గ్రాములు, స్ట్రాన్షియం కార్బొనేట్ 2.953 గ్రాములు, కోబాల్ట్ ఆక్సైడ్ (మూడు కోబాల్ట్‌లకు నాలుగు ఆక్సిజన్లు ఉన్న రకం) 0.803 గ్రాములు, ఫెర్రిక్ ఆక్సైడ్ 3.194 గ్రాములు తీసుకోవాలి. వీటిలో లాంథనం ఆక్సైడ్‌తో చాలా జాగ్రత్తగా ఉండాలి. అది గాలిలోని తేమను పీల్చుకుని హైడ్రాక్సైడ్‌గా మారుతుంది, కానీ చూడడానికి అదే తెల్లని పొడిలా ఉంటుంది. పూర్తిగా మారిపోయిన పొడిని 10 గ్రాములు తూచితే అందులో అసలు ఆక్సైడ్ 8.6 గ్రాములే ఉంటుంది. లాంథనం తక్కువైన ఆ మిశ్రమం ఎంత కాల్చినా ఒకే స్ఫటికంగా కుదరదు. అందుకే తూచడానికి ముందు దానిని 1000 డిగ్రీల వద్ద కొన్ని గంటలు కాల్చి, వేడి పూర్తిగా తగ్గకముందే డెసికేటర్‌లో (తేమ చొరబడని మూత పాత్రలో) పెట్టి, చల్లారిన వెంటనే తూచాలి. సీసా కొత్తదే కదా అని ఈ మెట్టును దాటవేయకూడదు.

తూచిన పొడులను ఇథనాల్‌లో జిర్కోనియా గుండ్లతో ఒక రోజంతా బాల్ మిల్లులో తిప్పి, ఆరబెట్టి, అల్యూమినా క్రూసిబుల్‌లో 1100 డిగ్రీల వద్ద 10 గంటలు కాల్చాలి. మళ్లీ నూరి, ఎక్స్‌రే వివర్తనంతో (స్ఫటిక నిర్మాణాన్ని గుర్తించే పద్ధతితో) పరీక్షించి, పెరోవ్‌స్కైట్ శిఖరాలు తప్ప మరేమీ లేవని తేలేవరకు కాల్చడం, నూరడం కొనసాగించాలి. నైట్రేట్లను సిట్రిక్ ఆమ్లంతో కలిపి జిగురుగా మార్చి కాల్చే పద్ధతిలో పొడి మరింత మెత్తగా వస్తుంది, కాల్పు ఉష్ణోగ్రత కూడా తగ్గుతుంది. అయితే ఆ జిగురు ఎండేటప్పుడు ఒక్కసారిగా అంటుకుని, ఎర్రని నైట్రోజన్ డయాక్సైడ్ పొగను వెలువరిస్తుంది. కాబట్టి ఫ్యూమ్ హుడ్ లోపల, పెద్ద గిన్నెలో, కొద్ది మోతాదులో మాత్రమే చేయాలి. కోబాల్ట్ పొడి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. బేరియం కార్బొనేట్, బేరియం నైట్రేట్ కడుపులోకి వెళ్తే విషం. మాస్కు, చేతి తొడుగులు లేకుండా ఈ పొడుల జోలికి వెళ్లకూడదు.

బిళ్ల

నూరిన పొడికి ఒకటి, రెండు శాతం పాలీవినైల్ ఆల్కహాల్ ద్రావణం కలిపి, ఆరబెట్టి, జల్లెడ పట్టాలి. 20 మిల్లీమీటర్ల అచ్చులో 1.6 గ్రాముల పొడి పోస్తే పచ్చి (ఇంకా కాల్చని) బిళ్ల దాదాపు 1.4 మిల్లీమీటర్ల మందం వస్తుంది. పొడిని అచ్చులో సమంగా పరచడానికి అర నిమిషం వెచ్చించాలి. ఒక పక్క గుట్టగా ఉన్న పొడి నొక్కిన తర్వాత కంటికి చదునుగానే కనిపిస్తుంది కానీ, కాల్చినప్పుడు ఆ పక్క తక్కువగా కుంచించుకుని బిళ్ల వంకర తిరుగుతుంది.

100 మెగాపాస్కల్ పీడనం చాలు. హైడ్రాలిక్ ప్రెస్ మీటరు టన్నులలో చూపిస్తుంది కాబట్టి ఈ అచ్చుకు అది సుమారు 3.2 టన్నులు అవుతుంది. ఎక్కువ నొక్కితే ఎక్కువ గట్టిపడుతుందనుకోవడం పొరపాటు. అదనపు పీడనాన్ని వదిలేటప్పుడు బిళ్ల వెనక్కి సాగి, అంచు దగ్గర పలకలు పలకలుగా చీలుతుంది. ఆ చీలిక కొన్నిసార్లు వెంట్రుక కంటే సన్నగా ఉండి, కాల్చిన తర్వాతే బయటపడుతుంది. పీడనాన్ని నెమ్మదిగా, ఒక నిమిషం పాటు వదలాలి. అచ్చు నుంచి తీసిన బిళ్లను కిటికీ దగ్గరికి తీసుకువెళ్లి, అంచును వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుని చుట్టూ తిప్పి చూడడం నేను మానని అలవాటు. ఫర్నేస్‌లో రెండు రోజులు పోయే పనిని ఆ పది క్షణాలు చాలాసార్లు కాపాడాయి.

కాల్చడంలో మొదటి ఘట్టం పొడిలో కలిపిన పాలీవినైల్ ఆల్కహాల్ జిగురు పోవడం. నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున 500 డిగ్రీలకు తీసుకువెళ్లి ఒక గంట ఉంచాలి. ఆ తర్వాత నిమిషానికి రెండు డిగ్రీల చొప్పున 1200 నుంచి 1250 డిగ్రీలకు పెంచి, 5 గంటలు ఉంచి, అంతే నెమ్మదిగా దించాలి. బిళ్ల నేరుగా అల్యూమినాను తాకితే అంటుకుపోతుంది కాబట్టి, కింద, పైన అదే పదార్థపు పొడిని పలుచగా చల్లాలి. పచ్చి బిళ్ల సాంద్రత సిద్ధాంత విలువలో 57 శాతం ఉండి, కాల్చిన తర్వాత 96 శాతానికి చేరితే వ్యాసం దాదాపు 16 శాతం తగ్గుతుంది. అంటే 20 మిల్లీమీటర్ల బిళ్ల 16.8 మిల్లీమీటర్లకు రావాలి. వెర్నియర్‌తో కొలిచిన ఈ ఒక్క అంకె బిళ్ల ఎంత గట్టిగా కుదిరిందో ముందే చెబుతుంది. 18 దగ్గర ఆగిపోతే పొడి ముతకగా ఉందని, లేదా వేడి చాలలేదని గ్రహించాలి.

సాంద్రతను ఆర్కిమెడీస్ పద్ధతిలో (గాలిలోను, ద్రవంలోను తూచి) కూడా కొలవాలి. ఎల్‌ఎస్‌సీఎఫ్ సిద్ధాంత సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 6.3 గ్రాములు. 95 శాతం దాటితే లోపలి రంధ్రాలు ఒకదానితో ఒకటి కలవకుండా విడివిడిగా మూసుకుపోయి ఉంటాయి, వాయువు వాటి గుండా పోలేదు. తేలికైన పరీక్ష మరొకటి ఉంది. బిళ్ల మీద ఒక చుక్క ఇథనాల్ వేసి గమనించాలి. ఆ చుక్క పైపైనే ఆరిపోతే మంచిది. తడి లోపలికి ఇంకినా, ఆరే చుక్క వెనుక సన్నని గీతలా తడి నిలిచినా ఆ బిళ్లను పక్కన పెట్టాలి. నిలిచినవాటిని 400, 800, 1200 నంబరు సిలికాన్ కార్బైడ్ కాగితాలపై వరుసగా రుద్ది, రెండు ముఖాలు సమాంతరంగా ఉండేలా ఒక మిల్లీమీటరు మందానికి తేవాలి.

గొట్టం మీద బిగించడం

ఈ పనిలో వైఫల్యాలలో అధిక భాగం ఇక్కడే జరుగుతాయి, పదార్థంలో కాదు. నిలువుగా నిలబెట్టిన అల్యూమినా గొట్టం (లోపలి వ్యాసం 10 మిల్లీమీటర్లు, బయటి వ్యాసం 16) పై అంచును చదునుగా రుద్ది, దానిపై వెండి రింగు, రింగుపై బిళ్ల, బిళ్లపై అల్యూమినా దిమ్మె బరువు ఉంచాలి. గొట్టం లోపల మరొక సన్నని గొట్టం బిళ్లకు 5 మిల్లీమీటర్ల దూరం వరకు వెళ్లాలి. దాని ద్వారా స్వీప్ గ్యాస్‌గా హీలియం వచ్చి, బిళ్ల అడుగు ముఖాన్ని తాకి, వచ్చిన ఆక్సిజన్‌ను ఊడ్చుకుని పక్క దారిన బయటికి పోతుంది. గాలి బయటి వైపు ప్రవహిస్తుంది. బిళ్ల పక్క అంచుకు గాజు పేస్టు పూయాలి. లేకపోతే ఆక్సిజన్ పక్కల నుంచి కూడా చొరబడి, లెక్కలో వేసుకున్న వైశాల్యం కంటే అసలు వైశాల్యం ఎక్కువై, ఫలితం ఉన్నదానికంటే గొప్పగా కనిపిస్తుంది.

వెండి 962 డిగ్రీల వద్ద కరుగుతుంది. అమరికను నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున 940 నుంచి 950 డిగ్రీల మధ్యకు తీసుకువెళ్తే వెండి మెత్తబడి, బరువు కింద ఒదిగి, సందులను మూసివేస్తుంది. ఇంకా ఎక్కువ ఉష్ణోగ్రత వద్ద కొలవవలసి వస్తే 1064 డిగ్రీల వద్ద కరిగే బంగారు రింగు వాడాలి. గాజు సీళ్లు చవకైనవే కానీ, వాటిలోని సిలికా, బోరాన్ కొంతకాలానికి పొర ఉపరితలానికి చేరి దాన్ని చెడగొట్టగలవు. వేడి ప్రాంతంలో స్టీలు గొట్టాలు వాడితే వాటి నుంచి లేచే క్రోమియం ఆవిరి కూడా స్ట్రాన్షియంతో కలిసి ఇదే హాని చేస్తుంది.

ఈ ఘట్టంలో గడియారాన్ని కాక గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌ను (మిశ్రమంలోని వాయువులను విడదీసి, ఒక్కొక్కదాన్ని ఒక శిఖరంగా చూపే పరికరాన్ని) నమ్మాలి. పది నిమిషాలకొకసారి స్వీప్ గ్యాస్ నమూనా తీసి నైట్రోజన్ శిఖరాన్ని చూడాలి. సీల్ కుదురుకుంటున్నకొద్దీ అది కరిగిపోతూ వస్తుంది. అది తగ్గడం ఆగినప్పుడే కొలత ఉష్ణోగ్రతకు దించాలి. హీలియంకు బదులు ఆర్గాన్ వాడకపోవడం మంచిది. క్రొమటోగ్రాఫ్‌లో వాయువులను విడదీయడానికి మామూలుగా వాడే 5ఏ మాలిక్యులర్ సీవ్ కాలమ్‌లో గది ఉష్ణోగ్రత వద్ద ఆర్గాన్, ఆక్సిజన్ దాదాపు ఒకేసారి బయటికి వస్తాయి, అప్పుడు కొలవవలసిన శిఖరమే కనిపించకుండా పోతుంది.

కొలత, లెక్క

గాలిని నిమిషానికి 100 మిల్లీలీటర్లకు తగ్గకుండా పంపాలి. దానిలోని కార్బన్ డయాక్సైడ్‌ను సోడా లైమ్‌తో ముందే తీసివేయాలి. ఉష్ణోగ్రతను ఫర్నేస్ తెర మీద కాక, బిళ్ల పక్కనే ఉంచిన థర్మోకపుల్‌లో చదవాలి. ఈ రెండింటి మధ్య పదుల డిగ్రీల తేడా ఉండవచ్చు. ప్రతి ఉష్ణోగ్రత వద్ద విలువ స్థిరపడేదాకా ఆగాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. స్వీప్ గ్యాస్ బయటికి వచ్చే వేగం గది ఉష్ణోగ్రత, 25 డిగ్రీల వద్ద సబ్బు బుడగ ఫ్లోమీటర్‌లో నిమిషానికి 50 మిల్లీలీటర్లు. అందులో ఆక్సిజన్ 0.50 శాతం, నైట్రోజన్ 0.08 శాతం ఉన్నాయి. సన్నని రంధ్రాల గుండా జరిగే లీకులో నైట్రోజన్, ఆక్సిజన్ 4.02 కు 1 నిష్పత్తిలో వస్తాయి. గాలిలోని 79, 21 శాతాల నిష్పత్తిని వాటి అణుభారాల నిష్పత్తి వర్గమూలంతో సరిదిద్దితే వచ్చే సంఖ్య ఇది. కనుక లీకు ద్వారా వచ్చిన ఆక్సిజన్ 0.08ని 4.02తో భాగిస్తే వచ్చే 0.02 శాతం. పొర గుండా నిజంగా వచ్చినది 0.48 శాతం, అంటే నిమిషానికి 0.24 మిల్లీలీటర్లు. 10 మిల్లీమీటర్ల వ్యాసానికి వైశాల్యం 0.785 చదరపు సెంటీమీటర్లు కాబట్టి, చదరపు సెంటీమీటరుకు నిమిషానికి 0.31 మిల్లీలీటర్లు. సున్నా డిగ్రీల ప్రమాణానికి మార్చడానికి 273ను 298తో (సున్నా, 25 డిగ్రీల కెల్విన్ విలువలివి) భాగించి గుణిస్తే 0.28 వస్తుంది. నివేదికలో రాయవలసిన విలువ ఇదే.

ఇదే నమూనాలో నైట్రోజన్ 0.8 శాతం ఉందనుకుందాం. అప్పుడు లీకు ఆక్సిజన్ 0.2 శాతం, అంటే కనిపించిన మొత్తంలో ఐదింట రెండు వంతులు. లెక్కతో దాన్ని తీసివేయవచ్చు, కానీ అలా మిగిలిన సంఖ్యను నేను నమ్మను. లీకు వాటా 5 శాతం దాటితే కొలత ఆపి సీల్‌ను మళ్లీ వేయడమే నా పద్ధతి.

వచ్చిన విలువ పొర లోపలి వాహకతను చెబుతున్నదా, లేక ఉపరితలం మీద జరిగే చర్య వేగాన్ని చెబుతున్నదా అన్నది తర్వాతి ప్రశ్న. దీనికి అదే పొడితో ఒక మిల్లీమీటరు, అర మిల్లీమీటరు మందంతో రెండు బిళ్లలు చేసి కొలవాలి. పొర గుండా ప్రవాహాన్ని లెక్కగట్టే వాగ్నర్ సమీకరణం ప్రకారం మందం సగమైతే ప్రవాహం రెట్టింపు కావాలి. అంతకంటే బాగా తక్కువ పెరిగితే ఉపరితలమే అడ్డు అని తెలుస్తుంది. అటువంటప్పుడు బిళ్లను ఇంకా పలుచన చేసి ప్రయోజనం లేదు. అదే పదార్థంతో రంధ్రాలున్న పలుచని పూతను ముఖాల మీద వేసి చర్య జరిగే చోటును పెంచాలి.

అదే సమీకరణంలో మరొక హెచ్చరిక దాగి ఉంది. ప్రవాహాన్ని నడిపేది పీడనాల తేడా కాదు, వాటి నిష్పత్తి సంవర్గమానం. పై ఉదాహరణలో గాలి వైపు 0.21 అట్మాస్ఫియర్లు, హీలియం వైపు 0.005, ఆ నిష్పత్తి సహజ సంవర్గమానం 3.7. హీలియం లేకుండా శుద్ధమైన ఆక్సిజన్‌నే ఒక అట్మాస్ఫియర్ వద్ద తీసుకోవాలంటే గాలిని పీడించాలి. 10 అట్మాస్ఫియర్ల గాలిలో ఆక్సిజన్ వాటా 2.1, దాని సంవర్గమానం 0.74 మాత్రమే. అంటే హీలియంతో కొలిచిన ప్రవాహంలో దాదాపు ఐదో వంతే చేతికందుతుంది. ప్రయోగశాల అంకెను చూసి ఉత్పత్తి అంచనాలు కట్టేవారు ఈ భాగహారాన్ని మరచిపోతూ ఉంటారు. పీడనానికి బదులు అవతలి వైపు వాక్యూమ్ పెట్టవచ్చు కానీ, మామూలు నూనె పంపు వాడకూడదు. ఆక్సిజన్ ఎక్కువగా ఉన్న వాయువులో నూనె అంటుకునే ప్రమాదం ఉంది.

పగుళ్లు, చల్లార్చడం

వేడెక్కినప్పుడే కాక, ఆక్సిజన్‌ను కోల్పోయినప్పుడు కూడా ఈ పదార్థాలు ఉబ్బుతాయి. కొలత సమయంలో హీలియం వైపు ముఖం ఆక్సిజన్‌ను ఎక్కువగా కోల్పోయి ఉబ్బుతుంది, గాలి వైపు ముఖం అంతగా ఉబ్బదు. ఈ లాగుడును బిళ్ల ఒక మేరకు భరిస్తుంది. వేడి మీద ఉన్నప్పుడు గాలి నుంచి హీలియంకు ఒక్కసారిగా మార్చడం, హీలియంకు బదులు నేరుగా మీథేన్ వంటి ఇంధన వాయువును పంపడం దానిని పగలగొట్టే మార్గాలు. వాయువును మార్చవలసి వస్తే ఒక గంట పాటు అంచెలంచెలుగా మార్చాలి. నా దగ్గర పగిలిన బిళ్లలలో ఎక్కువ భాగం పగిలింది కొలతలో కాదు, పని అయిపోయిందన్న తొందరలో చల్లార్చేటప్పుడు.

కొలత ముగిశాక ముందుగా హీలియం స్థానంలో క్రమంగా గాలిని పంపి రెండు వైపులా ఒకే వాయువు ఉండేలా చేయాలి. ఆ తర్వాతే నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున దించాలి. గది ఉష్ణోగ్రతకు వచ్చిన బిళ్లను విడదీసి, రెండు ముఖాలకూ విడివిడిగా ఎక్స్‌రే వివర్తనం తీయాలి. హీలియం వైపు స్ట్రాన్షియం పేరుకుపోయిన జాడలు, గాలి వైపు కార్బొనేట్ జాడలు ఉంటే వాటిని నోటు పుస్తకంలో ప్రవాహ విలువ పక్కనే, నైట్రోజన్ శాతం పక్కనే, ఆ విలువ ఎన్ని గంటల తర్వాత తీసినదో కూడా రాసి ఉంచాలి.